నేల మీది పరికరాలతో ధ్రువకాంతిని కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అరోరాను, అంటే ధ్రువకాంతిని, ఫొటో తీయడానికీ, కొలవడానికీ తేడా ఏమిటి?

ఫొటోలో "ఇక్కడ ఆకుపచ్చ తెర ఉంది" అని తెలుస్తుంది. కొలతలో ఆ తెర నుంచి ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యంలో, ఒక నిర్దిష్ట క్షణంలో, ఆకాశంలో ఒక నిర్దిష్ట దిక్కు నుంచి ఎంత కాంతి వచ్చిందో అంకె రూపంలో రావాలి. ఆ అంకె రావాలంటే నాలుగు సంగతులు తెలిసి ఉండాలి: ఫిల్టర్ ఏ కాంతిని వదులుతోంది, ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎటు చూస్తోంది, పరికరం ఇచ్చే అంకెకూ అసలు కాంతికీ లెక్క ఏమిటి, గడియారం ఎంత కచ్చితం. నాలుగింట్లో ఏ ఒక్కటి తెలియకపోయినా మిగిలేది అందమైన బొమ్మే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బంతా కెమెరా మీద పెట్టి, ఫిల్టర్లకూ, పరికరం అంకెలను అసలు కాంతితో సరిపోల్చే కాలిబ్రేషన్ దీపానికీ ఏమీ మిగుల్చుకోరు. అది తలకిందుల లెక్క.

ఏ రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

పై నుంచి దిగే ఎలక్ట్రాన్లు వాతావరణంలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటాయి. వాటికి అందిన శక్తిలో కొంత కాంతిగా బయటికొస్తుంది. ఈ పనిలో ఎక్కువగా వాడే గీతలు మూడు.

557.7 నానోమీటర్ల ఆకుపచ్చ గీత ఆక్సిజన్ పరమాణువుది, సాధారణంగా 100 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో బలంగా ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ 1867-68 శీతాకాలంలో ఈ గీతను చూసినా అది ఏ మూలకానిదో చాలాకాలం తేలలేదు. 1923లో బాబ్‌కాక్ ఫాబ్రి-పెరో యంత్రంతో (రెండు సమాంతర పలకల మధ్య కాంతిని పంపి తరంగదైర్ఘ్యాన్ని అతి సూక్ష్మంగా కొలిచేది) దాని తరంగదైర్ఘ్యాన్ని కచ్చితంగా కొలిచాడు. 1925లో మెక్‌లెనన్, ష్రమ్ టొరంటో ప్రయోగశాలలో ఆక్సిజన్ నుంచి అదే గీతను రప్పించారు. అంతకాలం పట్టడానికి కారణం ఉంది. మామూలు ప్రయోగశాల గొట్టంలో ఈ గీత సులువుగా రాదు. శక్తి అందిన ఆక్సిజన్ సగటున 0.7 సెకన్లు ఆగి కాంతి ఇస్తుంది, గొట్టంలో ఆలోపే మరో కణమో గోడో తగిలి ఆ శక్తిని లాగేసుకుంటుంది.

630.0 నానోమీటర్ల ఎరుపు గీత కూడా ఆక్సిజన్‌దే, 636.4 దాని తోడు. ఇక్కడ ఆగే సమయం దాదాపు 110 సెకన్లు. అందుకే గాలి చిక్కగా ఉండే కింది ఎత్తుల్లో ఇది దాదాపుగా ఆరిపోతుంది, 200 కిలోమీటర్లు దాటాకే బాగా కనిపిస్తుంది.

427.8 నానోమీటర్లది గీత కాదు, నైట్రోజన్ అణు అయాను పట్టీ. దీనికి అన్నలాంటి పట్టీ 391.4 దగ్గర ఉంది. అది మూడు రెట్లకు పైగా బలమైనదే అయినా మామూలు గాజు, కటకాలు అక్కడ కాంతిని ఎక్కువగా మింగేస్తాయి. నీలం పట్టీలో ఆలస్యం లేదు. ఎలక్ట్రాన్ తగిలీ తగలగానే కాంతి వస్తుంది, దాని బలం అక్కడ పుట్టే అయాన్ల సంఖ్యకు దామాషాలో ఉంటుంది. అందువల్ల దిగివస్తున్న మొత్తం శక్తిని అంచనా కట్టడానికి ఆకుపచ్చ కంటే నీలమే నమ్మదగినది. ఎరుపును నీలంతో భాగిస్తే ఎలక్ట్రాన్ల సగటు శక్తి మీద ఒక అంచనా వస్తుంది. నిష్పత్తి ఎక్కువైతే మెత్తని, అంటే తక్కువ శక్తి గల, ఎలక్ట్రాన్లు పైనే ఆగిపోతున్నాయి, తక్కువైతే గట్టివి కిందిదాకా దిగుతున్నాయి. ఎరుపు గీత ఆలస్యం వల్ల వేగంగా కదిలే తెర మీద ఈ నిష్పత్తికి అర్థం ఉండదు. నిలకడగా ఉన్న వెలుగు మీదే వాడాలి.

ప్రోటాన్ అరోరా అంటే?

ఎలక్ట్రాన్లకు బదులు ప్రోటాన్లు దిగితే వచ్చే కాంతి. దారిలో అవి ఎలక్ట్రాన్‌ను పట్టుకుని హైడ్రోజన్ పరమాణువులవుతాయి, 656.3, 486.1 గీతలు ఇస్తాయి. పరమాణువు అయిన క్షణం నుంచి అయస్కాంత క్షేత్రం వాటిని పట్టి ఉంచలేదు కాబట్టి పక్కలకు చెదురుతాయి. అందుకే ప్రోటాన్ అరోరా తెరల్లా కాక మసక పట్టీలా ఉంటుంది. మన వైపే దూసుకొస్తున్నందువల్ల గీత వెడల్పై నీలం వైపు జరుగుతుంది. 656.3 చుట్టూ నైట్రోజన్ పట్టీలు కిక్కిరిసి ఉంటాయి. బలహీనమైనదైనా 486.1నే ఎంచుకోవడం అందుకే.

రేలీ అనే కొలమానం ఏమిటి?

మన చూపు గీసే గొట్టంలో, ఒక చదరపు సెంటీమీటరు అడ్డకోత గల వాయుస్తంభం నుంచి సెకనుకు పది లక్షల ఫోటాన్లు (కాంతి కణాలు) అన్ని దిక్కులకూ వెలువడితే అది ఒక రేలీ. 1956లో హంటెన్, రోచ్, ఛాంబర్లెయిన్ ప్రతిపాదించారు. కాంతి పుట్టే పొర మందం, దూరం తెలియకపోయినా వాడుకోవచ్చు.

ఆకుపచ్చ గీతకు అంతర్జాతీయ ప్రకాశ శ్రేణి ఇలా ఉంటుంది: ఒకటో తరగతి వెయ్యి రేలీలు, అంటే సుమారుగా పాలపుంత వెలుగు; రెండు 10 వేలు, మూడు లక్ష, నాలుగు 10 లక్షలు. నాలుగో తరగతిలో నేల మీద పడే వెలుగు పున్నమి వెన్నెలకు దగ్గరగా ఉంటుంది. అరోరా అసలే లేని రాత్రి కూడా సహజ నభోదీప్తి (పై గాలి తనంతట తాను ఇచ్చే మసక వెలుగు) వల్ల 557.7లో వంద, రెండు వందల రేలీలు ఉంటుంది. మీ పరికరం స్వచ్ఛమైన రాత్రి సున్నా చూపిస్తోందంటే సంతోషించాల్సిన పని లేదు, ఏదో ఎక్కువగా తీసేస్తున్నారని అర్థం.

ఏ పనికి ఏ పరికరం?

ఆకాశమంతా ఆకారం, కదలిక కావాలంటే ఆల్-స్కై కెమెరా. ఒక గీత మీద ఉత్తర-దక్షిణంగా కచ్చితమైన బలాలు కావాలంటే మెరిడియన్ స్కానింగ్ ఫోటోమీటర్: తిరిగే అద్దం ఆకాశాన్ని అయస్కాంత ఉత్తరం నుంచి దక్షిణానికి గీస్తుంది, దాని వెనక ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు ఫోటాన్లు లెక్కపెడతాయి. ఏ గీతలు ఉన్నాయో, ఏది దేనితో కలుస్తోందో చూడాలంటే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్. పై గాలుల వేగం, ఉష్ణోగ్రత కావాలంటే ఫాబ్రి-పెరో. ఒకటి రెండో దాని పని చేయదు, కానీ స్పెక్ట్రోగ్రాఫ్ పక్కన లేని ఫిల్టర్ కెమెరా సగం గుడ్డిది. ఫిల్టర్‌లోకి దొంగగా వచ్చే పట్టీలను అదే పట్టిస్తుంది.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లో లాంగ్‌యియర్‌బీన్ దగ్గరి షెల్ హెన్రిక్సన్ అబ్జర్వేటరీ ఉంది, 2008లో మొదలైంది. అక్కడ శీతాకాలపు మధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది కాబట్టి పగటి వైపు (భూమికి సూర్యుడున్న వైపు) అరోరానూ నేల నుంచి కొలవొచ్చు. ఆ సౌకర్యం ఉన్న చోట్లు భూమ్మీద కొన్నే.

ఫిల్టర్ ఎంత సన్నగా ఉండాలి?

557.7, 630.0, 427.8 లకు 2 నానోమీటర్ల వెడల్పు మామూలు ఎంపిక. ఇంకా సన్నగా చేస్తే వెనకాల వెలుగు తగ్గుతుంది, కానీ ఇంటర్‌ఫెరెన్స్ ఫిల్టర్‌కు (పలచని పొరల పూతలతో పనిచేసేది) ఒక గుణం ఉంది: కాంతి వాలుగా పడితే అది వదిలే తరంగదైర్ఘ్యం నీలం వైపు జరుగుతుంది. లెక్క ఇది. కోణం సైన్ విలువను ఫిల్టర్ పొరల ప్రభావ వక్రీభవన గుణకంతో భాగించండి, వర్గం చేయండి, ఒకటి నుంచి తీసేయండి, వర్గమూలం తీసి అసలు తరంగదైర్ఘ్యంతో గుణించండి. గుణకం 2 అనుకుంటే 557.7 ఫిల్టర్ 5 డిగ్రీల వాలులో 0.5 నానోమీటర్లు, 10 డిగ్రీల్లో 2.1 నానోమీటర్లు జరుగుతుంది. అంటే 10 డిగ్రీల దగ్గర 2 నానోమీటర్ల ఫిల్టర్ ఆకుపచ్చ గీతను పూర్తిగా అడ్డుకుని పక్కనున్న ఖాళీని చూస్తోందన్నమాట.

ఆకాశమంతా ఒకేసారి చూసే ఫిష్‌ఐ కటకం ముందో, సెన్సర్ ముందో ఫిల్టర్‌ను ఊరికే తగిలిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. నడినెత్తిన అరోరా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అంచుల వైపు మాయమైపోతుంది, చూసినవాళ్లు "ఈ రాత్రి అరోరా నెత్తిమీదే ఉంది" అనుకుంటారు. దీనికి మందు టెలీసెంట్రిక్ కటకాల వరస. ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిన కిరణాల కట్టయినా ఫిల్టర్‌ను దాదాపు నిలువుగా దాటేలా చేస్తుంది. అప్పుడు కూడా ఒక్కో కట్టలోని కిరణాలు శంకువులా వాలి ఉంటాయి: ఎఫ్/4 దగ్గర (ఫోకస్ దూరం కటకం ద్వారానికి నాలుగు రెట్లు ఉన్నప్పుడు) అంచు కిరణాల వాలు 7 డిగ్రీలు, జరుగుడు సుమారు ఒక నానోమీటరు. అందుకే ఫిల్టర్‌ను ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎఫ్ అంకె, పనిచేసే ఉష్ణోగ్రత రెండూ రాసి, వాటికి తగ్గట్టు మధ్య తరంగదైర్ఘ్యాన్ని కొంచెం ఎరుపు వైపు పెట్టించుకోవాలి.

ఉష్ణోగ్రత సంగతి: పాతరకం మెత్తని పూతల ఫిల్టర్లు డిగ్రీకి 0.02 నానోమీటర్ల దాకా జరుగుతాయి. గది 25 డిగ్రీలు చల్లబడితే అర నానోమీటరు. గట్టి పూతలవి దీనికంటే చాలా నయం. ఏ రకమైనా ఫిల్టర్ చక్రాన్ని వేడి నియంత్రించే పెట్టెలో ఉంచి, రాత్రంతా ఒకే ఉష్ణోగ్రతలో నడపండి. పరిశీలన మొదలవడానికి రెండు మూడు గంటల ముందే పెట్టె వేడెక్కి ఉండాలి.

వెనకాల వెలుగును ఎలా తీసేస్తారు?

గీత పక్కన ఏ గీతా లేని చోట ఇంకో ఫిల్టర్ పెట్టి, అక్కడి వెలుగు కొలిచి తీసేయాలి. ఫోటోమీటర్లలో ఇంకో ఉపాయం ఉంది: పైన చెప్పిన వాలు గుణాన్నే పనికి వాడుకుని ఫిల్టర్‌ను మోటారుతో వంచి, ఒకసారి గీత మీద, ఒకసారి పక్కన చదువుతారు. ఒకే గాజు, ఒకే గొట్టం కాబట్టి రెండు చదువులూ నేరుగా పోల్చుకోదగ్గవి.

తప్పులు జరిగేది "పక్కన ఏమీ లేదు" అనుకునే చోటే. 630.0 దగ్గర నైట్రోజన్ పట్టీ ఒకటి తోక చాపుకుని ఉంటుంది. అదే చోట హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన అణువు) నభోదీప్తి గీతలూ ఉంటాయి, అరోరా ఉన్నా లేకున్నా వెలుగుతూనే ఉంటాయి. ఆక్సిజన్ అయాను గీతల కోసం 732 నానోమీటర్లు చూసేవాళ్లకు హైడ్రాక్సిల్ బెడద ఇంకా ఎక్కువ. అక్కడ ఒక ఫిల్టర్‌తో పని జరగదు, స్పెక్ట్రోగ్రాఫ్ తప్పదు. రెండో తప్పు కాలానిది. గీత ఫొటోకూ వెనకాల వెలుగు ఫొటోకూ మధ్య 10 సెకన్లు గడిస్తే తెర జరిగిపోయి ఉంటుంది, తీసివేతలో నల్లని నీడ, తెల్లని నీడ జంటగా మిగులుతాయి. అలాంటి నీడల జంట కనిపిస్తే అది భౌతికశాస్త్రం కాదు, చక్రం నెమ్మదిగా తిరగడమే.

ఆల్-స్కై కెమెరాకు ఏమేం కావాలి?

పై నుంచి కిందికి: యాక్రిలిక్ గోళం, ఫిష్‌ఐ కటకం, టెలీసెంట్రిక్ వరస, ఫిల్టర్ చక్రం, మళ్లీ చిత్రాన్ని సెన్సర్ మీదికి చేర్చే కటకం, చల్లబరిచిన సెన్సర్. బలహీన గీతలకు ఎలక్ట్రాన్ మల్టిప్లయింగ్ సీసీడీ వాడతారు, సున్నాకు దిగువ 60 నుంచి 80 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. దాని గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) వాడేకొద్దీ తగ్గిపోతుంది. ప్రకాశవంతమైన వెలుగు మీద పెద్ద గెయిన్‌తో నడిపితే ఇంకా త్వరగా తగ్గుతుంది. పౌర్ణమి నాడు గెయిన్ తగ్గించే ఏర్పాటు ప్రోగ్రాంలోనే పెట్టేయాలి, మనిషి జ్ఞాపకానికి వదలకూడదు. ఫిల్టర్ లేకుండా తెల్లని కాంతిలో ఆకారం చాలనుకుంటే పరికరం చాలా సులువవుతుంది. కెనడా, అలాస్కాలలో నాసా వారి థెమిస్ ఉపగ్రహాల కోసం పెట్టిన కెమెరాలు అలాంటివే, 3 సెకన్లకో చిత్రం తీసేవి.

ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలి?

అది గీతను బట్టి, మీరు వెతుకుతున్నదాన్ని బట్టి. మంచి సున్నితత్వం గల కెమెరాతో 557.7కు ఒక సెకనో ఇంకా తక్కువో, 630.0, 427.8 లకు కొన్ని సెకన్లు మంచి మొదలు. 630.0ను సెకనులో పదోవంతుతో పట్టాలని తాపత్రయపడటం దండగ. ఆ కాంతే పదుల సెకన్లు ఆగి వస్తుంది, మీరెంత వేగంగా తీసినా అది వేగంగా మారదు. మిణుకుమిణుకుమనే పల్సేటింగ్ అరోరాకు ఆవర్తనం కొన్ని సెకన్ల నుంచి 20 సెకన్ల దాకా ఉంటుంది, దాని మీద సెకనుకు 3 సార్ల సన్నని వణుకు కూడా ఉంటుంది. ఆ వణుకు పట్టాలంటే సెకనుకు కనీసం 10 ఫ్రేములు కావాలి. సెకనుకు 10 సార్లు అదిరే ఫ్లికరింగ్ అరోరాకు 30, 40 ఫ్రేములైనా కావాలి, ఫిల్టర్‌గా నీలం గానీ, ఆలస్యంలేని నైట్రోజన్ ఎరుపు పట్టీ గానీ వాడాలి. 0.7 సెకన్ల ఆలస్యం ఉన్న ఆకుపచ్చ ఆ వణుకును చెరిపేస్తుంది.

రేలీల్లోకి మార్చే కాలిబ్రేషన్ ఎలా చేయాలి?

చీకటి గది, ధ్రువీకరణ పత్రం ఉన్న టంగ్‌స్టన్ హాలోజన్ దీపం, అన్ని వైపులా సమంగా చెదరగొట్టే తెల్లని తెర ఉంటే చేయొచ్చు. పద్ధతి ఇదీ.

దీపాన్ని స్థిర కరెంటు సరఫరా మీద 20 నిమిషాలు వెలగనివ్వండి. కరెంటు ఒక శాతం మారితే నీలం వైపు వెలుగు దానికి ఎన్నో రెట్లు మారుతుంది, కాబట్టి మీటర్‌ను మాటిమాటికీ చూస్తుండాలి. పత్రంలో ఇచ్చిన విలువ సాధారణంగా 50 సెంటీమీటర్ల దూరానిది. తెర ఇంకా దూరంలో ఉంటే దూరాల నిష్పత్తి వర్గంతో తగ్గించండి, తెర వాలుగా ఉంటే ఆ కోణం కొసైన్‌తో గుణించండి. తెర మీద పడే వెలుగును నానోమీటరుకు చదరపు మీటరుకు సెకనుకు ఫోటాన్లలోకి మార్చి, తెర ప్రతిఫలన గుణకంతోనూ 4తోనూ గుణించి, వెయ్యి కోట్లతో భాగిస్తే తెర ప్రకాశం నానోమీటరుకు ఇన్ని రేలీలని వస్తుంది.

తర్వాత పరికరంతో తెరను చూసి, అంతే ఎక్స్‌పోజర్‌తో డార్క్ ఫ్రేములు (కాంతి పడకుండా తీసే చిత్రాలు) తీసి తీసేయండి. ఇక అందరూ తప్పు చేసే మెట్టు: దీపం కాంతి ఫిల్టర్ వెడల్పంతా నిండి ఉంటుంది, అరోరా గీత ఒక్క చోటే ఉంటుంది. అందుకని ఫిల్టర్ ప్రసార వక్రం కింది విస్తీర్ణాన్ని, గీత ఉన్న సరిగ్గా ఆ చోట ప్రసారంతో భాగించాలి. శిఖరం దగ్గరి ప్రసారంతో భాగిస్తే, ఫిల్టర్ కొంచెం జరిగి ఉన్న రోజున ఫలితం 20, 30 శాతం తప్పు రావడం మామూలే. తెర ప్రకాశాన్ని ఈ ప్రభావ వెడల్పుతో గుణించి, పరికరం సెకనుకు ఇచ్చిన అంకెను దానితో భాగిస్తే రేలీకి ఎన్ని అంకెలో వస్తుంది.

427.8 లాంటి పట్టీకి ఇది కూడా చాలదు. పట్టీ వెడల్పులో కొంత ఫిల్టర్ బయటే ఉండిపోతుంది. పట్టీ ఆకారాన్ని ప్రసార వక్రంతో గుణించి, ఎంత భాగం లోపలికి వస్తోందో వేరుగా లెక్కకట్టాలి.

ఈ కాలిబ్రేషన్ ఏడాదికి రెండుసార్లు, సీజన్ ముందోసారి, తర్వాతోసారి. నడుమ చిన్న స్థిర దీపంతో వారానికోసారి సరిచూసుకుంటే గెయిన్ ఎప్పుడు జారిందో తేదీతో సహా దొరుకుతుంది. గోళాన్ని పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలవడం మరవకండి. గీతలు పడ్డ పాత యాక్రిలిక్ ఎంత తినేస్తోందో అప్పుడే తెలుస్తుంది.

ఏ పిక్సెల్ ఎటు చూస్తోందో ఎలా తెలుస్తుంది?

నక్షత్రాలతో. మబ్బులేని, అరోరా తక్కువగా ఉన్న రాత్రి ఆరేడు గంటల తేడాలతో కొన్ని చిత్రాలు తీసుకోండి. తెలిసిన నక్షత్రాలు 40, 50 గుర్తించి, కటకం నడిబిందువు, తిరుగుడు, వంపు గుణకాలను కలిపి అమర్చండి. అంచుల దగ్గర నక్షత్రాలు లేకుండా అమరిస్తే మధ్య బాగుంటుంది, దిగంతం దగ్గర కొన్ని డిగ్రీలు తప్పుతుంది. గడియారం నిమిషం తప్పితే ఆకాశం పావు డిగ్రీ తిరుగుతుంది. అమరిక అంతా బాగుండి ఒకే దిశలో చిన్న తిరుగుడు మిగిలిందంటే మొదట సందేహించాల్సింది గడియారాన్నే. కెమెరాను శుభ్రం చేయడానికి తీసి పెట్టిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాలి. "అదే బోల్టులకు బిగించాం కదా" అనేది చెల్లని వాదన.

అరోరా నేల మీద ఎక్కడి పైన ఉందో ఒక్క కెమెరాతో చెప్పగలమా?

ఎత్తు ఊహించుకుంటే చెప్పగలం. ఆకుపచ్చకు 110 కిలోమీటర్లు అనుకుంటే, దిగంతానికి 10 డిగ్రీల పైన కనిపించేది మనకు 500 కిలోమీటర్ల దూరంలో ఉంది. 250 కిలోమీటర్ల ఎత్తులోని ఎరుపయితే అదే కోణంలో దూరం 950 దాటుతుంది. 30 డిగ్రీల ఎత్తున ఉన్న తెరకు మీ ఊహ 10 కిలోమీటర్లు తప్పితే స్థానం 17 కిలోమీటర్ల దాకా తప్పుతుంది. నడినెత్తిన అయితే తప్పు లేనట్టే. 512 పిక్సెళ్ల చిత్రంలో ఒక్కో పిక్సెల్ నెత్తిమీద 700 మీటర్లను చూస్తుంది, దిగంతం దగ్గర పదుల కిలోమీటర్లను. అంచుల్లోని "సన్నని నిర్మాణాల" గురించి ఎవరైనా చెబితే ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

ఎత్తును ఊహించకుండా కొలవాలంటే?

రెండు స్టేషన్ల నుంచి ఒకే క్షణంలో చూడాలి. నార్వేలో కార్ల్ స్టోర్మర్ 1910 నుంచి ఈ పని చేశాడు, స్టేషన్ల మధ్య టెలిఫోన్‌లో చెప్పుకుని ఒకేసారి షట్టర్ నొక్కేవాళ్లు. ఇప్పుడు ఆ పని జీపీఎస్ గడియారాలది.

స్టేషన్ల దూరం ముఖ్యం. ఒక స్టేషన్ నెత్తిమీద 110 కిలోమీటర్ల ఎత్తులో తెర ఉంది, రెండోది 50 కిలోమీటర్ల అవతల ఉంది అనుకుంటే, 0.35 డిగ్రీల కొలత తప్పు ఎత్తులో 2 కిలోమీటర్ల తప్పవుతుంది. అదే రెండో స్టేషన్ 10 కిలోమీటర్లలోనే ఉంటే తప్పు ఏడున్నర కిలోమీటర్లకు పెరుగుతుంది. మరీ దూరం వెళ్లినా ఇబ్బందే: రెండు చోట్ల నుంచి తెర వేరువేరు ఆకారాల్లో కనిపిస్తుంది, ఏ మడత ఏదో పోల్చుకోలేం. 50 నుంచి 100 కిలోమీటర్లు పనికొచ్చే దూరం. మసక వెలుగుకు అంచులుండవు కాబట్టి ఈ పద్ధతి దాని మీద సరిగా పనిచేయదు.

కాంతిని చూసి గాలివేగం ఎలా చెబుతారు?

డాప్లర్ జరుగుడుతో, అంటే కాంతినిచ్చేది మన వైపో అవతలికో కదిలితే తరంగదైర్ఘ్యం మారడంతో. 630.0 గీతనిచ్చే ఆక్సిజన్ 110 సెకన్ల ఆ విరామంలో చుట్టూ ఉన్న గాలితో కలిసిపోయి, దాని వేగంతోనే కదులుతుంది. ఇందాక అడ్డు అనుకున్న ఆలస్యమే ఇక్కడ వరం. సెకనుకు 100 మీటర్ల గాలి ఈ గీతను 0.00021 నానోమీటర్లు జరుపుతుంది. 1000 కెల్విన్ల వద్ద గీత సొంత వెడల్పు 0.0036 నానోమీటర్లు. అంటే గీత వెడల్పులో పదిహేడో వంతు జరుగుడును పట్టాలి. ఫాబ్రి-పెరో దీన్ని చేయగలదు, కానీ దాని పలకల మధ్య దూరం ఉష్ణోగ్రతతో, గాలి పీడనంతో ఇంతకంటే ఎక్కువే జరుగుతుంది. అందుకే ఆకాశాన్ని చూసిన ప్రతి కొన్ని కొలతలకోసారి స్థిరపరిచిన 632.8 హీలియం-నియాన్ లేజర్‌ను చూపించి సున్నా సరిచేసుకుంటారు. లేజర్ చదువులు రాత్రంతా ఒకే దిశలో జారుతుంటే గది వేడి నియంత్రణ చూడండి.

స్పెక్ట్రోగ్రాఫ్‌లో కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారు?

రెండో క్రమం దగ్గర. గ్రేటింగ్ (కాంతిని విడదీసే సన్నని గీతల పలక) 427.8ను 855.6 దగ్గర మళ్లీ చూపిస్తుంది. ఎరుపు వైపు చూసేటప్పుడు నీలాన్ని ఆపే ఫిల్టర్ పెట్టకపోతే లేని గీతలు "కనుగొంటారు". తరంగదైర్ఘ్యపు కొలబద్దకు నియాన్, పాదరసం దీపాలు చాలు. పాదరసం 435.8, 546.1, నియాన్ 585.2, 640.2 గీతలు బాగా పనికొస్తాయి. పాతరకం వీధి దీపాలున్న చోట పాదరసం, సోడియం గీతలు కూడా రాత్రంతా కనిపిస్తుంటాయి. అవి చికాకే, కానీ కొలబద్ద జారిందేమో చూసుకోవడానికి ఉచితంగా దొరికే గుర్తులు.

ఏ రాత్రులు పనికొస్తాయి?

సూర్యుడు దిగంతం కింద 12 డిగ్రీలకు దిగితే ఆకుపచ్చ కొలతలు మొదలుపెట్టొచ్చు. కానీ నేల మీద చీకటైనా పైన ఎండ ఉంటుంది. 12 డిగ్రీల దగ్గర మన నెత్తిమీద 142 కిలోమీటర్లకు పైనంతా ఎండలోనే ఉంటుంది, 18 డిగ్రీల దగ్గర 328 కిలోమీటర్లకు పైన. ఎండలో ఉన్న నైట్రోజన్ అయాన్లు 427.8ను తిరిగి చెదరగొడతాయి, అప్పుడు నీలాన్ని ఎలక్ట్రాన్ల శక్తి అనుకుంటే అంచనా పెరిగిపోతుంది. నిష్పత్తుల పనికి 18 డిగ్రీలు పాటించండి.

చంద్రుడు ఉన్నా సన్నని ఫిల్టర్‌తో బలమైన అరోరా కొలవొచ్చు. చంద్రుడూ పలచని మబ్బూ కలిస్తే మాత్రం ఆ రాత్రి వదిలేయడమే మంచిది. మబ్బు కింద వచ్చిన అరోరా అంకెలను జాబితాలో "తక్కువ కార్యకలాపం" అని చేర్చేవాళ్లున్నారు. ఫ్రేములో నక్షత్రాలు కనిపిస్తున్నాయా అని ముందు చూడండి, కనిపించకపోతే ఆ అంకెకు విలువ లేదు.

గోళం మీద మంచు, లోపల తడి ఎలా ఆపాలి?

బయటి మంచు సమస్యకు గోళం కింద నుంచి వెచ్చని పొడిగాలి మెల్లగా ఊదడం చాలు. లోపలి తడి మొండిది. మూత తీసినప్పుడల్లా గదిగాలి లోపలికి పోయి, బయట సున్నాకు దిగువ 30 ఉన్నప్పుడు గోళం లోపలి ముఖాన పొరగా గడ్డకడుతుంది. మూసే ముందు పొడి నైట్రోజన్‌తో నింపి, సిలికా జెల్ సంచి పెట్టండి, సీజన్ మొదట్లో మార్చండి. పలచని తుషార పొర ఎలా తెలుస్తుంది? నక్షత్రాల చుట్టూ మసక వలయాలు వస్తాయి, అంకెలన్నీ మెల్లగా ఒకే నిష్పత్తిలో పడిపోతాయి. అరోరా తగ్గితే అలా అన్ని దిక్కుల్లో ఒకే తీరుగా తగ్గదు.

గోళాన్ని వస్త్రంతో పొడిగా రుద్దొద్దు. మంచు స్ఫటికాలు యాక్రిలిక్ మీద గీతలు పెడతాయి, ఆ గీతలు చంద్రకాంతిని చిత్రం అంతా చల్లుతాయి.

చలికి ఇంకేం చెడిపోతాయి?

మామూలు పీవీసీ తొడుగు తీగలు సున్నాకు దిగువ 40లో కొయ్యలా గట్టిపడి, వంచితే పగులుతాయి. సిలికోన్ లేదా టెఫ్లాన్ తొడుగువి వేయండి. మోటార్లలో మామూలు గ్రీజు బిగుసుకుని ఫిల్టర్ చక్రం సగంలో ఆగిపోతుంది. అది బయటికి కనిపించని లోపం: ప్రోగ్రాం 630.0 అని రాసుకుంటుంది, ఎదురుగా ఉన్నది 557.7 ఫిల్టర్ అంచు. చక్రం మీద స్థానం చెప్పే స్విచ్ పెట్టి, ఆ చదువును ప్రతి చిత్రంతో పాటు నమోదు చేయండి.

కీయోగ్రామ్ అంటే?

ప్రతి చిత్రం నుంచి ఉత్తర-దక్షిణ గీత ఒక్కటి కోసి, కాలం వెంట పక్కపక్కన అతికిస్తే వచ్చే బొమ్మ. రాత్రి మొత్తం ఒక పేజీలో కనిపిస్తుంది. అరోరాకు ఇన్యుట్ భాషలో ఉన్న మాట నుంచి పేరు వచ్చింది. తూర్పు-పడమర కదలిక ఇందులో కనిపించదు. పడమరకు పరుగెత్తే మడత గీతను దాటి వెళ్లినప్పుడు "మెరిసి ఆరింది" అనిపిస్తుంది. అనుమానం వస్తే మొత్తం చిత్రాలకు వెళ్లాలి. అసలు అరోరా ఉప-తుఫాను (అరోరా ఒక్కసారిగా చెలరేగి వ్యాపించి తగ్గే ఘట్టం) అనే భావన 1964లో అకసోఫు చేతిలో రూపుదిద్దుకున్నది కూడా, 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో అనేక స్టేషన్లు తీసిన ఆల్-స్కై చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడటం వల్లే.

మామూలు కెమెరాతో తీసిన చిత్రాలు శాస్త్రానికి పనికొస్తాయా?

ఆకారం, చోటు, సమయం విషయంలో బాగా పనికొస్తాయి. స్టీవ్ అని పిలిచే ఊదారంగు పట్టీ మీద శాస్త్రవేత్తల దృష్టి పడింది ఔత్సాహికుల చిత్రాల వల్లే. తర్వాత స్పెక్ట్రోగ్రాఫ్‌లో చూస్తే అందులో ఎక్కువ భాగం గీతలు కాదు, పరచుకున్న నిరంతర వెలుగు. ఏ రంగు కెమెరా కూడా ఈ తేడా చెప్పలేదు. ఎర్ర పిక్సెల్‌కు 630.0 గీత, 650-680 మధ్య నైట్రోజన్ పట్టీలు ఒకటే. కాబట్టి చిత్రంలోని ఎరుపు, నీలం నిష్పత్తితో ఎలక్ట్రాన్ శక్తి లెక్కకట్టకండి.

పనికి రావాలంటే ముడి ఫైలు ఉంచండి, జేపెగ్ వద్దు. తెలుపు సమతుల్యం, ఐఎస్ఓ, ఎక్స్‌పోజర్ రాత్రంతా మార్చొద్దు. సమయాన్ని సార్వత్రిక కాలంలో, సెకన్ల కచ్చితత్వంతో సరిచేసుకోండి. నక్షత్రాలు చిత్రంలో ఉండేలా చూడండి, దిశలు వాటితోనే తేలతాయి.

డేటా ఎంత వస్తుంది, ఎలా దాచాలి?

512×512 పిక్సెళ్లు, 16 బిట్లు, సెకనుకో చిత్రం చొప్పున 12 గంటలకు 22 గిగాబైట్లు దాటుతుంది. నష్టం లేని కుదింపుతో ఫిట్స్ (ఖగోళ చిత్రాల ఫైలు రూపం) లేదా 16 బిట్ల పీఎన్‌జీగా దాచండి. ప్రతి చిత్రంతో పాటు ఎక్స్‌పోజర్ మొదలైన క్షణం, నిడివి, గెయిన్, సెన్సర్ ఉష్ణోగ్రత, ఫిల్టర్ ఉష్ణోగ్రత, చక్రం స్థానం ఉండాలి. రాసిన సమయం ఎక్స్‌పోజర్ మొదటిదా, చివరిదా, ఫైలు దాచినదా అన్నది స్పష్టంగా చెప్పండి. రెండు స్టేషన్ల చిత్రాలు పోల్చేటప్పుడు గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. డార్క్ తీసేసిన చిత్రాలను మాత్రమే దాచి అసలు వాటిని చెరిపేయొద్దు. డార్క్‌లో తప్పు దొరికినప్పుడు వెనక్కి వెళ్లే దారి ఉండదు.